మా గురించి రాసే ప్రతి మాటకూ మూలం చూపండి

వినతిపత్రం

తెలుగు వికీపీడియా నిర్వాహకులకు, అక్కడ వ్యాసాలు రాసి దిద్దే వాడుకరులందరికీ, కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల పాత తెలుగు కుటుంబాల వాళ్లం చేసుకునే విన్నపం.

విషయం: తమిళనాడులోని తెలుగు ఊళ్లు, కుటుంబాలు, నాయకరాజుల గురించిన వ్యాసాలలో నమ్మదగిన మూలాలు చూపడం గురించి.



ముందు మేమెవరమో చెప్పుకోవాలి. మా ఇళ్లలో మాట తెలుగు, రాత తమిళం. తాతల నాటి నుంచీ ఇంతే. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టంతో పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. అంతకు ముందు కూడా మా ఊళ్లలో తెలుగు బడి అరుదే గనుక నెపమంతా ఆ చట్టం మీదికి నెట్టం. ఈ కాగితం రాస్తున్న నేను యాభై దాటాక, మనవరాలి కోసం కొన్న పెద్దబాలశిక్ష ముందేసుకుని ఓనమాలు దిద్దుకున్నవాణ్ణి. మిగతావాళ్లు చెప్పింది నేను రాశాను. రాసింది చదివి వినిపించాను. ఒప్పుకున్నాక తమిళంలో సంతకాలు పెట్టారు.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, మా చరిత్ర తెలుగులో తెలుసుకోవాలంటే మాకు అందుబాటులో ఉన్నది మీ విజ్ఞానసర్వస్వమే. గ్రంథాలయానికి వెళ్తే తెలుగు పుస్తకం ఉండదు, ఉన్నా మాలో చాలామంది చదవలేరు. వికీపీడియా అయితే ఫోనులో ఉంటుంది, డబ్బు అడగదు, చదవడం రానివాళ్లకు ఫోనే చదివి వినిపిస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన ఆ పనిని జీతం బత్తెం లేకుండా ఇన్నేళ్లు మోసుకొచ్చినవాళ్లకు ముందుగా దండం పెట్టి తరవాతే మా గోడు చెప్తున్నాం. దీన్ని ఫిర్యాదు అనుకోకండి, పని అప్పగింత అనుకోండి. అందులో సగం మా నెత్తిన కూడా వేసుకుంటాం.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. పన్నెండేళ్ల కిందట మా ఊరి పెరుమాళ్ గుడికి కుంభాభిషేకం జరిగింది. సావనీరు వేయాలన్నారు. ఊరి చరిత్ర రాసే పని నా మీద పడింది. నా దగ్గరున్నవి మా అవ్వ చెప్పిన కథలు రెండే, అవి ఒక పుటకు చాలవు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట మా ఊరిని మదురై నాయకుల సేనాని ఒకాయన ఫలానా ఏట కట్టించాడని ఒక వాక్యం దొరికింది. ఏ పేజీ అన్నది ఇక్కడ అనవసరం. సంవత్సరంతో సహా ఉంది కదా, ఎవరో తెలిసినవాళ్లే రాసుంటారని ఎత్తి రాసేశాను. రెండేళ్లకు అదే పేజీ మళ్లీ తెరిస్తే ఆ వాక్యం చివర ఒక చిన్న అంకె మొలిచింది. నొక్కితే కింద మా సావనీరు పేరు, పుట సంఖ్యతో సహా కనిపించింది. నాకు ఆ పేజీ సాక్షి, ఆ పేజీకి నేను సాక్షి! ఇద్దరం కలిసి పుట్టించిన ఆ సంవత్సరాన్ని ఈలోగా ఊరివాళ్లు గుడి ముందు రాతిపలక మీద చెక్కించారు కూడా.

ఇది మా పల్లెటూరి అమాయకత్వం మాత్రమే కాదు. 2009లో జర్మనీలో కార్ల్ థియోడోర్ త్సు గుటెన్‌బెర్గ్ అనే ఆయన మంత్రి అయినప్పుడు, ఆయనకున్న పొడుగాటి పేర్ల వరుసలో ఎవరో ‘విల్హెల్మ్’ అని మరో పేరు ఇరికించారు, అక్కడి వికీపీడియాలో. పెద్ద పెద్ద పత్రికలు చూసుకోకుండా అచ్చేశాయి. తరవాత అనుమానం వస్తే ఆ పత్రికలనే మూలంగా చూపించారు. జర్మనీలో మంత్రి పేరుకే ఆ గతి పడితే, అడిగే దిక్కులేని మా ఊరి పేరు సంగతి చెప్పాలా? అక్కడ మంత్రి బతికున్నాడు, తన పేరు తానే చెప్పుకోగలడు. మా ఊరు కట్టినవాడు లేచొచ్చి చెప్పడు కదా.

అందుకే మా మొదటి విన్నపం. మా ప్రాంతం గురించి మూలం లేకుండా ఉన్న వాక్యాలకు ‘ఆధారం చూపాలి’ అని గుర్తు పెట్టి వదిలేయకండి. ఆ గుర్తుకు ఒక గడువు పెట్టండి, మూడు నెలలనుకుందాం. ఈలోగా ఎవరూ మూలం తేకపోతే వాక్యం తీసేయండి. రెండు రకాల మాటలకు మాత్రం ఆ మూడు నెలలు కూడా ఇవ్వవద్దని మా కోరిక. ఒకటి జనాభా లెక్క, రెండోది కులం పుట్టుక. ఈ రెండూ మూలం లేకుండా కనిపిస్తే అక్కడికక్కడే తీసేయండి. ఖాళీగా ఉన్న పేజీ వల్ల మాకు నష్టం లేదు. తప్పు రాత వల్ల ఊళ్లో తలలు పగిలిన సందర్భాలు మేం ఎరుగుదుం.

జనాభా మాటే తీసుకోండి. తమిళనాడులో తెలుగువాళ్లు మూడోవంతు అని ఒకరు, నలభై శాతం అని ఇంకొకరు సభల్లో చెప్తుంటారు. చప్పట్లు బాగానే పడతాయి. 2011 జనగణనలో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 42,34,302 మంది, అంటే 5.87 శాతం. అసలు తెలుగు ఇళ్లలో పుట్టి తమిళమని రాయించుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, మా చుట్టాల్లోనే ఉన్నారు. అయినా ఆ లేని లెక్కను ఊహించి రాసే హక్కు మీకూ లేదు, మాకూ లేదు. ‘జనగణనలో ఇంతమంది రాయించుకున్నారు’ అని రాయండి, ఏ ఏటి జనగణనో చెప్పండి. ఆ ‘రాయించుకున్నారు’ అన్న మాటలోనే మా కథ సగం ఉంది.

రెండోది తేదీల సంగతి. మదురై నాయకుల పాలన ఎప్పుడు మొదలైందని అడిగితే 1529లో విశ్వనాథ నాయకుడితో అని మా పిల్లలు చెప్తారు. మా నాన్న తరం చదివిన పాత పుస్తకాల్లో 1559 ఉండేది. నెల్సన్ 1868లో అచ్చేసిన మదురై మాన్యువల్‌దీ, 1906 నాటి జిల్లా గెజిటీర్‌దీ ఆ పాత లెక్క. తరవాత ఆర్. సత్యనాథయ్యర్ 1924లో వచ్చిన తన మదురై నాయకుల చరిత్రలో శాసనాలూ పాత వృత్తాంతాలూ పక్కపక్కన పెట్టి చూసి 1529కి జరిపారు. ముప్పై ఏళ్ల తేడా అంటే ఒక తరం. ఏ పుస్తకం చూసి రాశారో చెప్పకుండా సంవత్సరం ఒక్కటే పెడితే, ఇంకో పుస్తకం చదివినవాడు వచ్చి దాన్ని మారుస్తాడు, మొదటివాడు వచ్చి తిరిగి మారుస్తాడు. ఇద్దరిదీ అబద్ధం కాదు, తగువు మాత్రం తెగదు. మూలం రాస్తే ఆ తగువుకే చోటుండదు. ‘పూర్వం ఇలా అనుకునేవారు, తరవాత ఈ కారణంతో ఇలా నిర్ణయించారు’ అని రెండు వాక్యాలు రాయవచ్చు. మాకు కావలసిందీ అదే. ఒక తేదీ ఎలా తేలిందో తెలిస్తే మా పిల్లలకు చరిత్రంటే బట్టీ కాదని తెలుస్తుంది.

ఇక్కడ రాయవాచకం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మూలాల విషయంలో మదురై తెలుగు మనకు నేర్పే పెద్ద పాఠం అందులోనే ఉంది. ఆ పుస్తకం తనను తాను కాశీ విశ్వనాథ నాయకుడికి విజయనగరం నుంచి ఆయన స్థానాపతి పంపుకున్న వర్తమానంగా చెప్పుకుంటుంది. స్థానాపతి అంటే రాయబారి. దాంతో కృష్ణదేవరాయల కొలువులో కూర్చుని కళ్లారా చూసి రాసిందని దాన్ని వాడుకున్నవాళ్లు ఉన్నారు. ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు 1993లో దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చి, లోపలి సాక్ష్యాలు చూపి, అది రాయల కాలానిది కాదనీ 16వ శతాబ్దం చివర మదురై నాయకుల కొలువులో పుట్టిందనీ వాదించాడు. విజయనగరం కూలిపోయాక, ఆ రాజసానికి మేమే వారసులమని మదురై చెప్పుకోవలసిన అవసరంలో పుట్టిందన్నమాట. అంతమాత్రాన ఆ పుస్తకం పనికిరానిదైపోలేదు. రాయల గురించి అడిగితే బలహీనమైన సాక్షి, మదురై నాయకులు రాయలను ఎలా తలచుకున్నారని అడిగితే గట్టి సాక్షి. ఒకే పుస్తకం, అడిగే ప్రశ్నను బట్టి దాని విలువ మారుతుంది. వ్యాసం కింద పుస్తకం పేరు రాసేస్తే పని అయిపోయిందనుకునేవాళ్లు ఈ తేడా గుర్తు పెట్టుకోవాలని కోరుతున్నాం.

దొరల కాలపు పుస్తకాల సంగతీ ఇంతే, కాకపోతే ఇక్కడ మా మాట కాస్త కటువుగా ఉంటుంది. థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వేసిన కులాల, తెగల పుస్తకం ఇవాళ ఎవరి ఫోనులోకైనా ఊరికే దిగుతుంది. కాపీహక్కు తీరిపోయింది, స్కాన్లు ఉన్నాయి, ఇంగ్లిషులో ఉంది. దాంతో ఊరికే దొరికేదే మూలమైపోయింది. ఆ పుస్తకంలో మా తాతల గురించి ఎవరో గుమాస్తా విని రాసిందీ, పక్క కులం వాళ్లు ఎగతాళికి చెప్పిందీ, దొర ఊహించిందీ అన్నీ కలగలిసి ఉంటాయి. ఒక కులాన్ని పొగడాలన్నా అందులోనే ఒక వాక్యం దొరుకుతుంది, ఇంకో కులాన్ని తిట్టాలన్నా అందులోనే దొరుకుతుంది. ఆంగ్ల వికీపీడియాలో రాసేవాళ్లు చాలా ఏళ్లుగా కులచరిత్రకు ఆ కాలపు పుస్తకాలను మూలంగా ఒప్పుకోవడం లేదు. మన దగ్గర కూడా ఆ కట్టుబాటు పెట్టమని కోరుతున్నాం. అన్ని సందర్భాల్లోనూ కాదు. నికల్సన్ 1887లో రాసిన కోయంబత్తూరు మాన్యువల్‌లో బావుల గురించి, నేలల గురించి, పంటల గురించి ఉన్నది ఆయన పనిమీద తిరిగి చూసి రాసింది, దాన్ని వాడండి. కులం ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు ఎవరి సంతతి అన్నవాటికి మాత్రం వద్దు. కులసంఘం వెబ్‌సైటు, కల్యాణమంటపం ప్రారంభోత్సవ సంచిక, నేను రాసిన సావనీరు, ఇవి కూడా వద్దు. వీటిని అచ్చేసిందీ మేమే, పొగిడిందీ మమ్మల్నే. మమ్మల్ని మేమే సాక్షిగా పిలవకూడదు.

విశ్వనాథ నాయకుడు ఏ కులంవాడో, పాళెగాడు కట్టబొమ్మన మావాడో మీవాడో అని వ్యాసాల వెనక జరిగే కుస్తీ చూసి మేం సిగ్గుపడుతుంటాం. 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికంబం ఎక్కినవాడికి ఆ తగవులు అక్కర్లేదు.

ఊరి పేర్ల మీద చేసే కసరత్తు కూడా ఆపించండి. కోయంబత్తూరు చుట్టూ పెరియనాయక్కన్‌పాళయం, నరసింహనాయక్కన్‌పాళయం, పాపనాయక్కన్‌పాళయం అని ఉన్నాయి. నాయక్కన్ అని కనబడగానే ఇది తెలుగు పాళెగాడు కట్టిన ఊరని రాసేస్తారు. నాయక్కన్ అన్న బిరుదు తెలుగు మాట్లాడనివాళ్లకూ ఉంది. ఊరు ఎవరిదో శాసనం చెప్పాలి, పట్టా చెప్పాలి, అవి చూసి రాసిన చరిత్రకారుడు చెప్పాలి. పేరు చెవికి ఇంపుగా ఉంటే అది మూలం కాదు. సొంత ఊహలు ఇక్కడ అచ్చేయకూడదని మీ నియమాల్లో మౌలిక పరిశోధన కూడదని మీరే రాసుకున్నారు. దాన్ని మా ఊళ్లకు కూడా వర్తింపజేయమంటున్నాం, అంతే.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఒక అనుమానం రావచ్చు. ఇలా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే మీ గురించి ఇంకేం మిగులుతుంది అని. న్యాయమైన అనుమానమే. మా సంగతులు తెలుగు అచ్చులో తక్కువ. ఆంధ్ర, తెలంగాణల్లో దాదాపు ప్రతి గ్రామానికీ జనగణన లెక్కలతో మీరు వ్యాసాలు తయారు చేశారు. మా ఊళ్లకు ఆ భాగ్యం లేదు. అయినా మేం నియమం సడలించమని అడగడం లేదు. అల్మారా పెద్దది చేయమని అడుగుతున్నాం. మూలాలు లేకపోలేదు, అవి వేరే గదుల్లో ఉన్నాయి.

అందులో పెద్ద గది తమిళం. మా గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది తమిళంలో రాశారు. తమిళ పుస్తకం, తమిళ పత్రిక, తమిళనాడు పురావస్తు శాఖ ప్రచురణ, ఇవన్నీ తెలుగు వ్యాసానికి మూలాలుగా చెల్లుతాయని ఒక స్పష్టమైన మార్గదర్శక పేజీ పెట్టండి. పరభాషా మూలం చెల్లదని మీ నియమాల్లో ఎక్కడా లేదని మాకూ తెలుసు. కానీ కొత్తగా చేరినవాళ్లు తెలుగు మూలమో ఇంగ్లిషు మూలమో అయితేనే నిలుస్తుందనుకుని, ఉన్న తమిళ పుస్తకం వదిలేసి లేని ఇంగ్లిషు మూలం కోసం వెతుక్కుంటున్నారు. ఆ పేజీలో ఇంకో మాట కూడా రాయాలి. తమిళ మూలం చూపేటప్పుడు అందులోని అసలు వాక్యానికి తెలుగు తాత్పర్యం పాదసూచికలో ఇవ్వాలి. పుస్తకం ఏ ఏటి ముద్రణో, ఎన్నో పుటో ఉండాలి. లేకపోతే తమిళం రాని తెలుగు నిర్వాహకుడు దాన్ని ఎలా సరిచూస్తాడు?

తమిళ లిపి విషయంలో హెచ్చరిక కూడా అవసరం. అక్కడ క, ఖ, గ, ఘలన్నింటికీ ఒక్కటే అక్షరం. త, దలకు ఒకటి. ప, బలకు ఒకటి. యంత్రానువాదం పెట్టి తెచ్చినవాళ్ల చేతిలో గవర నాయుళ్లు కవరలయ్యారు, దేవాంగులు తేవాంగులయ్యారు, దిండిగల్ తిండుక్కల్ అయింది, బోడినాయక్కనూరు పోడి అయింది. కుంఫిణీవాళ్లు 1801లో ఉరితీసిన విరూపాక్షి పాళెగాడు గోపాల నాయకుడు కోపాల నాయకుడైతే ఎంత కోపం వస్తుందో మీరే చెప్పండి. తెలుగు పేరు తమిళ లిపిలో దూరి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి ముఖం మారిపోతోంది. అక్షరం దగ్గర అనుమానం వస్తే మమ్మల్ని అడగండి. మూలం ఏం చెప్పిందో తేల్చేవాళ్లం మేం కాము, పేరు ఎలా పలకాలో మాత్రం చెప్పగలం.

ఇంకో గది మిషన్లది. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి సంస్కృతం, తమిళంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నాడు. ఆయన తరవాత వచ్చిన ఏసుసంఘం పాదిరులు నాయకుల కొలువు గురించి రాసిన ఉత్తరాల్లో కొన్నింటి ఇంగ్లిషు అనువాదాలు సత్యనాథయ్యర్ పుస్తకం చివర ఉన్నాయి. వాళ్లకు మతం మార్పించే పని ఉంది కనుక రాజు మంచిచెడ్డల మీద వాళ్ల తీర్పును జాగ్రత్తగా తీసుకోవాలి. కరువు, యుద్ధం, ప్రయాణం గురించి చెప్పింది విలువైనదే. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ తెలుగు శాఖలో చేసిన పరిశోధనలు ఇంకో గది. నిడదవోలు వెంకటరావు గారి దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయం చదవనివాళ్లు మదురై నాయకరాజు విజయరంగ చొక్కనాథుడి కొలువులోని తెలుగు వచనం గురించి రాయకూడదని మా అభిప్రాయం. కొంచెం పెత్తనంగా వినబడితే మన్నించండి.

చివరి గది నోటిమాట. ఇదే మాకు అన్నింటికంటే దగ్గరిది, మీకు అన్నింటికంటే ఇబ్బందైనది.

మా అవ్వ చెప్పిన కథ వినండి. ఉత్తరాన ఒక తురక రాజు మా ఆడపిల్లను అడిగాడట. పెద్దలు సరేనని, రాత్రికి రాత్రి ఊరు వదిలి దక్షిణానికి పరుగు పెట్టారట. వెనక గుర్రాల చప్పుడు, ముందు పొంగే ఏరు. గట్టు మీది చెట్టు వంగి వంతెనయిందట. రాజకంబళం కులంవాళ్ల ఇళ్లలోనూ ఈ కథే వేరే చెట్టుతో, వేరే ఏటితో ఉంది. కి. రాజనారాయణన్ 1976లో అచ్చయిన గోపల్ల గ్రామం నవలలో ఇలాంటి వలస కథే మా కరిసల్ (నల్లరేగడి) సీమ పలుకుబడితో వస్తుంది. ఆయన కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టినవాడు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. ఇన్ని ఇళ్లలో ఉన్న కథను అబద్ధమని తీసిపారేస్తే మాకు బాధ. జరిగినట్టు తేదీ వేసి రాస్తే అది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే ఆ కథను ఇవాళ పక్కవీధి ముస్లిముల మీద కోపానికి వాడుకునేవాళ్లు తయారయ్యారు. కాబట్టి కథను కథగా రాయండి. ఎవరి ఇంట చెప్తారు, ఎవరు ఎప్పుడు సేకరించి ఎక్కడ అచ్చేశారు అన్నది చెప్పి రాయండి. నవలను వలసకు సాక్ష్యంగా చూపకండి. వలసను జనం ఎలా తలచుకున్నారన్నదానికి చూపండి.

మరి అచ్చు కాని సంగతులేం కావాలి? 2011లో అచల్ ప్రభల అనే ఆయన వికీమీడియా ఫౌండేషన్ తోడ్పాటుతో మౌఖిక మూలాల ప్రయోగం చేశారు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో పల్లెటూళ్ల పనులు, ఆటలు, వంటల గురించి జనం మాటలు రికార్డు చేసి, ఆ రికార్డులనే మూలంగా పెట్టి వ్యాసాలు రాశారు. నోటిమాటను మూలంగా ఒప్పుకోవచ్చా అన్న వాదన అప్పుడు లేచింది. మా పక్షం ఇది. దానికో హద్దు గీసి ఒప్పుకోండి. రాజులు, తేదీలు, కులం గొప్ప, భూమి హక్కు, వీటికి నోటిమాట చెల్లదు. పని పద్ధతి, పండుగ, పాట, మాట, వంట, వీటికి చెల్లాలి. ఉడుమలైపేట దగ్గర సోమవారపట్టి ఆల్కొండమాల్ గుడికి పొంగల్ రోజుల్లో పాలు తెచ్చే ఇళ్లున్నాయి. ఆ దేవుడి పేర వదిలిన సలగెరుదు కోడెను ఎలా ఆడిస్తారో చెప్పగల పెద్దలున్నారు. దేవరాట్టం ఆటలో ఉరుమి వాద్యం ఎప్పుడు ఏ దరువు మారుస్తుందో తెలిసినవాళ్లున్నారు. వాళ్ల మాట రికార్డు చేసి, వాళ్ల అనుమతితో, ఊరు, తేదీ వేసి వికీమీడియా కామన్స్‌లో పెడతాం. ఒకే సంగతికి వేర్వేరు ఇళ్లవాళ్లు ముగ్గురు చెప్పినప్పుడే వ్యాసంలోకి తీసుకోండి. ముగ్గురూ మూడు రకాలుగా చెప్తే మూడూ రాయండి.

మాలో ఎవరి గురించి రాస్తున్నారన్నది కూడా మూలాల ప్రశ్నే. కోయంబత్తూరు తెలుగువాళ్లనగానే మిల్లు యజమానుల పేర్లు వస్తాయి. 1910లో లక్ష్మీ మిల్లు పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడు, 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ పెట్టినవాళ్లు, కలంగల్‌లో 1893లో పుట్టి 1920లో బస్సు నడిపి తరవాత మోటార్లు చేసిన జి.డి. నాయుడు. వాళ్ల పనికి మా గౌరవం ఎప్పుడూ ఉంది. వాళ్ల పేజీల్లో కనబడే ‘మొదటి’, ‘ఏకైక’, ‘ప్రపంచంలోనే’ అన్న మాటలకు మాత్రం ప్రతి దానికీ విడిగా మూలం అడగండి. ఆ మనుషులు చేసింది చాలినంత పెద్దది, కొసరు అక్కర్లేదు. అదే కోయంబత్తూరులో తెలుగు మాట్లాడే అరుంధతీయులున్నారు, బావులు తవ్విన ఒడ్డెలున్నారు, మగ్గం మీద బతికిన దేవాంగులున్నారు. వీళ్ల గురించి వాక్యం లేదంటే మూలం లేదంటారు. మూలం ఉంది. జస్టిస్ ఎం.ఎస్. జనార్థనం సంఘం నివేదిక 2008లో వచ్చింది. దాని మీదే 2009లో అరుంధతీయులకు మూడు శాతం లోపలి రిజర్వేషన్ చట్టం వచ్చింది. అలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ప్రభుత్వ నివేదిక, చట్టం, తీర్పు, ఇంతకంటే గట్టి కాగితాలు మా నాయకరాజులకు కూడా లేవు. మూలాలు సులువుగా దొరికేవాళ్ల గురించే రాయడం మానండి. లేదా కనీసం ఆ తేడా ఉందని వ్యాసంలో ఒప్పుకోండి.

ఇంకొక్క చిన్న కోరిక, ఇది బహుశా మీకెవరూ చెప్పి ఉండరు. మాలో చాలామంది మీ వ్యాసాలు వింటారని పైన రాశాను. ఫోను చదివేటప్పుడు వాక్యం చివరి చిన్న అంకె వినబడదు, వినబడినా దాని అర్థం తెలియదు. చదివేవాడికి కనబడే సాక్షి వినేవాడికి కనబడడు. అందుకని తగువున్న ప్రతిచోటా మూలాన్ని వాక్యంలోకే తీసుకురండి. ‘1529లో మొదలైంది’ అని రాసి అంకె వేసి ఊరుకోకుండా, ‘సత్యనాథయ్యర్ లెక్క ప్రకారం 1529లో’ అని రాయండి. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు. ఒక వ్యాసం విని, ఎవరు చెప్పారట అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె అడిగింది మీ నియమాల పేజీలో ఉన్న ప్రశ్నే.

మా వంతు పని ఇది. మా ఊళ్ల ఆలయాల్లోని రాతలు, పాత దానపత్రాలు, బడి రికార్డులు ఫొటోలు తీసి, ఎక్కడివో ఎప్పుడు తీశామో రాసి పెడతాం. తమిళ పుస్తకాల పుటలు తాత్పర్యంతో పంపుతాం. మా కుర్రవాళ్లు కొందరు ఖాతాలు తెరుస్తారు. వాళ్లకు మూలం ఎలా చేర్చాలో నెలకోసారి ఎవరైనా ఒక గంట చెప్పాలి. వాళ్లు మా కులాల పేజీల్లో చేయి పెట్టరని మేమే కట్టుబాటు చేసుకున్నాం. మా గురించి మేం రాసుకుంటే ఏమవుతుందో సావనీరుతో చూశాం. ఇవన్నీ మీ చర్చావేదిక అయిన రచ్చబండలో చర్చకు పెట్టి, ఒప్పుకున్నవి ఏవో, కానివి ఏవో, ఎందుకు కావో రాతపూర్వకంగా చెప్పమని ప్రార్థిస్తున్నాం.

చివరగా, గుడి ముందు పలక సంగతి. ఆ సంవత్సరానికి ఆధారం లేదని నేను ఊరి కూటంలో లేచి చెప్పాను. తిట్లు తిన్నాను. మూడో కూటానికి ఒప్పుకున్నారు. అక్షరాలు చెరిపి ఆ చోటు నున్నగా చేయడానికి రాతిపనివాడు వచ్చే నెల మొదటి శుక్రవారం వస్తానన్నాడు, రెండు రోజుల పని అన్నాడు. ఆ వాక్యం మీ పేజీల్లో ఎక్కడైనా కనిపిస్తే దయచేసి మీరూ తీసేయండి.

ఇట్లు,
కోయంబత్తూరు, మదురై పాత తెలుగు కుటుంబాల తరఫున,
సంతకాలు తమిళంలో చేసినవాళ్లం